ఠాణా ఎదుటి సాక్షి

మా మండలంలో ఏ నేరం జరిగినా మా నాన్న కళ్ళ ముందే జరిగేది. గుడుంబా పట్టుకుంటే ఆయన ముందే పట్టుకునేవారు. పేకముక్కలు దొరికితే ఆయన చూస్తుండగానే దొరికేవి. ఒకే పూట ఊరికి తూర్పున కత్తి, పడమర దొంగ సైకిలు పట్టుబడినా రెండు చోట్లా ఆయన ఉండేవాడు. ఇన్ని చూసిన మనిషి నిజానికి పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా స్టవ్వు ముందు నుంచి కదిలేవాడు కాదు.

ఆయన పేరు అబ్దుల్ మజీద్. వనపర్తి చుట్టూ ఉన్న మండలాల్లో మాదొకటి. ఏదో చెప్పను, ఆయన ఇప్పటికీ అక్కడే చాయ్ అమ్ముకుంటున్నాడు. అప్పట్లో మా చాయ్ డబ్బా పోలీసు ఠాణా గేటుకు ఎదురుగా, రోడ్డు వారన సర్కారు జాగాలో ఉండేది. పోలీసులు ఏదైనా వస్తువు పట్టుకుంటే, అది ఇద్దరు ఊరివాళ్ళ ఎదుట జరిగిందని కాగితం రాయాలి. దాన్ని పంచనామా అంటారు, ఆ ఇద్దరినీ పంచులంటారు. ఎండలో పడి పల్లెకు పోయి ఇద్దరు మనుషుల్ని బతిమాలుకునే బదులు, మా పోలీసులు రోడ్డు దాటి డబ్బా దగ్గరికి వచ్చేవారు.

"మజీద్ భాయ్, రెండు చాయ్, ఒక సంతకం" అని హెడ్ కానిస్టేబుల్ తిమ్మప్ప కేకేసేవాడు. మా నాన్న చాయ్ పోసి, తువ్వాలుకు చేయి తుడుచుకుని సంతకం పెట్టేవాడు. చదివేవాడు కాదు, చదవడం రాదు కూడా. ఆయనకు తెలిసిన తెలుగు అక్షరాలన్నీ ఆ సంతకంలోనే ఉన్నాయి. రెండో సంతకం పక్కన పంక్చర్లేసే మల్లేశ్‌ది. ఇలా సంతకాలు పెట్టేవాడి డబ్బా జోలికి ఎవరు వస్తారు? "ఎదురుంగ ఉన్నోళ్లతోని మంచిగుండాలె బిడ్డా" అనేవాడు మా నాన్న. దాంట్లో తప్పుందని ఆయనకు ఏ రోజూ తట్టలేదు.

సంతకం పెట్టాక కొన్నాళ్ళకు కోర్టు. తిమ్మప్ప వచ్చి "రేపు వనపర్తి పోవాలె" అంటే, ఏ కేసని అడక్కుండా ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయేవాడు. బోనెక్కి "అవును, నా ముందే" అని దిగివచ్చేవాడు. పోయి పోయి ఆయనకు కోర్టంతా అలవాటైపోయింది. జడ్జి వచ్చినప్పుడు ఎలా లేవాలి, ఏ బెంచీ మీద కూర్చుంటే పేర్లు పిలిచే జవాను గొంతు వినిపిస్తుంది, నీళ్ళ కుండ ఎక్కడుంటుంది, అన్నీ తెలుసు. మా దగ్గర కోర్టుకు ఒంటరిగా పోరు. చావుకు, దవాఖానకు పోయినట్టే ఎవరినైనా తోడు తీసుకుపోతారు. అందుకని వాయిదా ఉన్నవాళ్ళు ముందు రోజే మా డబ్బాకు వచ్చి "సాబు, జర నువ్వు గూడ రారాదు?" అని అడిగేవారు. మా నాన్నకు కాదనడం చేతకాదు. ఆయన రోగమే అది.

అలాగే ఒక సాయంత్రం బాలమ్మ వచ్చింది.

బాలమ్మది పక్క ఊరు. కౌలుకు తీసుకున్న నాలుగెకరాలు ఆమె చేతి మీదే నడిచేవి. ఆమెకు నోరెక్కువని అందరూ అంటారు. నా లెక్కలో ఉండాల్సినంతే ఉంది. అంతకు ముందు యాసంగి పంటప్పుడు కరెంటు లేక వరి నిలువునా ఎండిపోతే, ఆమె ఆడవాళ్ళను వెంటేసుకుని వచ్చి సబ్‌స్టేషన్ ముందు రోడ్డు మీద కూర్చుంది. ఎండిన వరి కట్టలు రోడ్డుకు అడ్డంగా పరిచి, కరెంటు ఇచ్చేదాకా లేవమన్నారు. పోలీసులు వచ్చారు, తోపులాట జరిగింది, జీపు అద్దం పగిలింది. ఎలా పగిలిందో ఆ గందరగోళంలో ఎవరూ చూడలేదు. కానీ అద్దం పగిలితే పగలగొట్టినవాళ్ళు ఉండాలి కదా! జీపు మీద రాయి విసిరి, డ్యూటీలో ఉన్న పోలీసుల మీదికి వచ్చిందని బాలమ్మ మీద కేసు పెట్టారు. రుజువైతే రెండేళ్ళ దాకా జైలు పడొచ్చు. కౌలుదారు జైల్లో ఉంటే భూమి ఇంకొకరి చేతిలోకి పోతుంది. ఆమెకు ఇంకో ఆధారం లేదు.

"సాబు, రేపు నా వాయిదా. సాక్షుల్ని పిలుస్తరంట. రోడ్డు మీద కూసున్ననాడు భయం గాలే గని, ఇప్పుడు కాళ్లు ఒణుకుతున్నయ్" అంది బాలమ్మ.

"నాక్కూడ రేపే ఉన్నదక్కా. ఏదో కేసు. ఇద్దరం పోదాం, పరేషాన్ గాకు" అన్నాడు మా నాన్న.

ఏదో కేసు! ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అప్పుడు నేను రోజూ బస్సులో పోయి వనపర్తిలో డిగ్రీ చదువుతున్నాను. అడిగి ఉంటే, ఆ సమన్ల కాగితం తెప్పించి చదివి చెప్పేదాన్ని. ఆయన తిమ్మప్పను అడగలేదు, తిమ్మప్ప చెప్పలేదు. బాలమ్మకు సర్కారు ఇచ్చిన ఉచిత వకీలు దగ్గర సాక్షుల పేర్లున్నాయి కానీ, ఆ మహానుభావుడు వాయిదా నాడు తప్ప దొరకడు.

మర్నాడు ముగ్గురం ఒకే బస్సులో పోయాం. బాలమ్మ సద్దిమూట మా నాన్నే ఒళ్ళో పెట్టుకున్నాడు. దారి పొడవునా ఆమెకు ధైర్యం చెబుతూనే ఉన్నాడు.

"జడ్జి మేడం అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు అక్కా. ఆమె మంచిది. అబద్ధమాడెటోని మొఖం సూస్తే ఆమెకు ఇట్టె ఎరుకైతది."

"నేను రాయి యేస్తుంటె సూసినోళ్లున్నరంట సాబు! ఆ మొగోళ్లెవరో ఒక్కసారి సూడాలె. దొరికితే బోనులనే రెండు తగిలిస్త" అంది బాలమ్మ.

"గట్లనకు. పాపం, వాళ్లకు ఏం కష్టమొచ్చి చెప్తున్నరో!" అని మా నాన్న నవ్వాడు.

ఆ రోజు నాకు కాలేజీలో క్లాసులు పెద్దగా లేవు. కోర్టు ఎలా ఉంటుందో చూద్దామని నేనూ వాళ్ళ వెంట పోయాను. ఆయన బాలమ్మను తన బెంచీ మీదే కూర్చోబెట్టాడు. కాసేపటికి జవాను ఆమె పేరు పిలిస్తే "పో అక్కా, దండం పెట్టు" అని పంపాడు. ఆమె పోయి ముద్దాయి చోట నిలబడింది. ఆ వెంటనే జవాను ఇంకో పేరు పిలిచాడు.

"సాక్షి అబ్దుల్ మజీద్!"

మా నాన్న లేచాడు. ఇంకో కేసు మొదలైందేమోనని అటూ ఇటూ చూశాడు. బాలమ్మ అక్కడి నుంచి కదలలేదు. పోలీసుల తరఫున వాదించే సర్కారు వకీలు "ఇటు రావయ్యా, ఈ కేసే" అన్నాడు. అప్పుడు తెలిసింది మా నాన్నకు. అప్పుడే బాలమ్మకూ తెలిసింది. బాలమ్మ అరుస్తుందేమో అనుకున్నాను. అరవలేదు. మా నాన్ననే చూస్తూ నిలబడింది, అంతే.

మా అదృష్టమో ఆమె అదృష్టమో, జడ్జి గడియారం చూసి మధ్యాహ్నం తర్వాత సాక్ష్యం తీసుకుందామని లేచారు.

వరండాలోకి రాగానే బాలమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది.

"నేను రాయి యేస్తుంటె నువ్వు సూసినవా సాబు?"

"లేదక్కా."

"మరి సంతకమెట్ల వెట్టినవ్?"

"పెట్టుమన్నరు. దేనికని నాకు తెల్వదు."

"పెట్టుమంటే పెడ్తవా? రేపు నేను మనిషిని సంపిన్నని రాసుకొస్తే దానికి గూడ పెడ్తవా? సాబు మంచోడు, సాబు మంచోడని ఊరంత అంటది. గిదేనా నీ మంచితనం?"

ఆమె సద్దిమూట ఆయన చేతిలోంచి లాక్కుని పోయి దూరంగా మెట్ల మీద కూర్చుంది. విప్పలేదు.

తిమ్మప్ప ఇదంతా చూస్తూనే ఉన్నాడు. నింపాదిగా వచ్చి మా నాన్న భుజం మీద చేయి వేశాడు. తిమ్మప్పది గద్వాల అవతల, కర్ణాటక సరిహద్దు. మాటకు ముందొక "హౌదు", వెనకొక "హౌదు", అంటే కన్నడంలో అవునని.

"హౌదు భాయ్, ఆడమనిషి లొల్లి జూసి మెత్తవడకు. ఎప్పటి లెక్క అవునని దిగు. మల్లేశ్ పుణె పనికి పాయె, ఇప్పుడు ఉన్నది నువ్వొక్కనివే. నీ డబ్బా సర్కారు జాగల ఉన్నది, యాదికున్నది గదా? నేను సెప్తలేను, ఎస్సై సార్ సెప్పుమన్నడు. హౌదు."

తిమ్మప్ప పోయాక నాకు కోపం ఆగలేదు. మేం ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం, నాన్నను 'అబ్బా' అనే పిలుస్తాను కానీ, నాకు కోపమొస్తే తెలుగే వస్తుంది.

"అబ్బా, నువ్వు అవునంటే ఆమె జైలుకు పోతది. తెలుస్తుందా నీకు?"

"తెలుస్తుంది బిడ్డా."

"లేదంటే డబ్బా పోతది."

"గది గూడ తెలుస్తుంది."

"మరి?"

నాకు కోపం కంటే భయం ఎక్కువైంది. ఆ డబ్బా మీదే మా ఇల్లు నడిచేది, నా చదువు నడిచేది. ఆయన లేచి, నీళ్ళ కుండ దగ్గరికి పోయి, ముఖం కడుక్కుని వచ్చాడు. ఏం నిర్ణయించుకున్నాడో ఆ ముఖంలో నాకేమీ కనిపించలేదు.

మధ్యాహ్నం కోర్టు మొదలైంది. మా నాన్న బోనెక్కి ప్రమాణం చేశాడు. "అంతా నిజమే చెబుతాను" అనే మాట ఆయన నోట ఎన్నిసార్లు వచ్చి ఉంటుందో! అడ్డూ ఆపూ లేకుండా గడగడా చెప్పేవాడని తర్వాత విన్నాను. ఆ రోజు మాత్రం ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పాడు.

సర్కారు వకీలు కాగితం చూపించాడు. "ఈ సంతకం నీదేనా?"

"నాదే."

"ముద్దాయి బాలమ్మ పోలీసు జీపు మీద విసిరిన రాయిని సబ్‌స్టేషన్ ముందు నీ ఎదుట స్వాధీనం చేసుకున్నారు. అవునా?"

"అవు..." అంది ఆయన నోరు, అలవాటు కొద్దీ. అక్కడ ఆగిపోయాడు. తలుపు దగ్గర తిమ్మప్ప నిలబడి ఉన్నాడు. మా నాన్న అటు చూడలేదు, జడ్జి వైపు తిరిగాడు.

"లేదు మేడం. నేను ఆడ లేను. నా డబ్బాల చాయ్ కాస్తున్న. కాయితం తెచ్చిండ్రు, పెట్టిన. ఈ అక్క రాయి యేసిందా, యెయ్యలేదా, నాకు తెల్వదు. యెయ్యలేదని గూడ చెప్పలేను. నేను సూడలేదు. గంతే."

సర్కారు వకీలు ముఖం మాడిపోయింది. సాక్షి అడ్డం తిరిగాడని జడ్జికి చెప్పి, గద్దించి అడిగాడు. బాలమ్మ వాళ్ళు నీకు డబ్బులిచ్చారా అన్నాడు. ఇద్దరూ ఒకే బస్సులో రాలేదా అన్నాడు. "వచ్చినం సార్. ఆమె కేసుల నేనే సాక్షినని నాకు తెల్వకపాయె" అన్నాడు మా నాన్న. కోర్టులో ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జి మాత్రం నవ్వలేదు.

"అబ్దుల్ మజీద్ గారూ, మిమ్మల్ని ఈ కోర్టులో చాలాసార్లు చూశాను. ప్రతిసారీ మీ ఎదుటే జరిగిందన్నారు. మరి వాటి సంగతేమిటి?"

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. "మర్చిపోయిన" అనవచ్చు. "అవి నిజమే, ఇదొక్కటే కాదు" అని తప్పించుకోవచ్చు.

"అవి గూడ గిట్లనే మేడం" అన్నాడు మా నాన్న.

రాసుకుంటున్న గుమాస్తా చేయి ఆగింది. తప్పుడు సాక్ష్యం చెబితే జైలు శిక్ష పడుతుందని తెలుసా అని జడ్జి మెల్లగా అడిగారు.

"తెల్వదు మేడం. ఇప్పుడు తెలిసింది. శిక్షుంటే నాకు యెయ్యుండ్రి. గని నేను సూడనిదానికి ఈ అక్కకు యెయ్యకుండ్రి. ఆమె కరెంటు అడిగింది. గదొక్కటి మాత్రం నాకు తెలుసు. రోడ్డు మీద అరుస్తుంటె మా డబ్బా దాంక ఇనవడ్డది."

జడ్జి ఆయన చెప్పిందంతా, ఒక్క ముక్క వదలకుండా రాయించారు. ఆయన మీద కేసు పెట్టమని మాత్రం అనలేదు. ఎస్సై వచ్చి సంజాయిషీ చెప్పాలన్నారు. ఇకపై ఠాణా ఎదుట ఉన్న మనిషిని కాదు, జరిగిన చోట ఉన్న మనిషిని పంచుగా తీసుకురమ్మని సర్కారు వకీలుకు గట్టిగానే చెప్పారు. మా నాన్న బోను దిగి వస్తుంటే నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో కాదు, సంతోషంతో. అంత భయంలోనూ అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

తిరుగు బస్సులో బాలమ్మ మా పక్క సీట్లోనే కూర్చుంది. పొద్దున్నుంచి విప్పని సద్ది విప్పి, జొన్న రొట్టె మీద పచ్చడేసి మా నాన్న చేతిలో పెట్టింది.

"నీ డబ్బా పోతది సాబు."

"పోతది."

"పోనీ. మేం లేమా?"

నాలుగు రోజులు తిరక్కుండానే ట్రాక్టర్ వచ్చింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారట. విచిత్రమేమిటంటే ఆ రోడ్డు మా డబ్బా ఉన్నంత మేరే వెడల్పయింది, పక్కనున్న పాన్ డబ్బాకు ఏమీ కాలేదు. మా అమ్మ హుసేన్‌బీ రెండు పూటలు నెత్తీ నోరూ కొట్టుకుంది. "ఊరంతట్ల నువ్వొక్కనివే హరిశ్చంద్రునివి దొరికినవా?" అని తిట్టింది. మూడో పూట తనే గిన్నెలు తోమి, స్టవ్వు తుడిచి, "ఏడ పెడ్దాం?" అని అడిగింది.

చోటు చూపించింది మా ఊరి రైతు కృష్ణయ్య. ఊరి మొదట్లో, బస్సులాగే చోట రోడ్డుకు ఆనుకుని ఆయన పట్టా పొలం ఉంది. "నా జాగల నేను పెట్టుకొమ్మంటే ఎవని ట్రాక్టరొస్తదో సూస్త" అన్నాడు. బాలమ్మ, ఆమెతో పాటు రోడ్డు మీద కూర్చున్న ఆడవాళ్ళు వచ్చి గుంజలు పాతారు, తడికెలు కట్టారు. మొదట్లో పోలీసులకు భయపడి చాయ్‌కి ఎవరూ రాలేదు. తర్వాత బస్సు దిగినవాళ్ళు వచ్చారు, వాళ్ళను చూసి ఊరివాళ్ళు వచ్చారు. ఠాణా ముందున్నప్పుడు నడిచినంత గిరాకీ లేదు కానీ, ఉడికించిన పాలు మిగలని రోజులు వచ్చాయి.

బాలమ్మ కేసు ఆ తర్వాత ఎన్నాళ్ళో నడవలేదు. రాయి విసిరినట్టు సాక్ష్యం లేదని కొట్టేశారు. తీర్పు ఇంగ్లీషులో ఉంటే జడ్జి ఆమెకు తెలుగులో చెప్పారట. "రోడ్డు మీద కూర్చుని అడిగినంత మాత్రాన రాయి వేసినట్టు కాదమ్మా" అని. బాలమ్మ ఆ మాటను నెల రోజులు ఊరంతా తిరిగి చెప్పింది. తర్వాతి యాసంగిలో కరెంటు మళ్ళీ పోయింది, ఆమె మళ్ళీ సబ్‌స్టేషన్‌కు పోయింది. ఈసారి ఆమె వెంట మగవాళ్ళు కూడా పోయారు.

ఇక మా నాన్న సంతకం అవసరం ఎవరికీ ఉండదనుకున్నాం. ఒక మధ్యాహ్నం తిమ్మప్ప, కృష్ణయ్య కలిసి వచ్చారు. కృష్ణయ్య బోరు మోటారు ఎవరో ఎత్తుకుపోతే, దొంగా దొరికాడు, మోటారూ దొరికింది. పంచనామా రాయాలి.

"కోర్టుల నీ మాటకు ఇలువ లేదు భాయ్, నువ్వు అడ్డం తిరిగినోనివి. నేను వద్దంటె ఈ కృష్ణయ్యనే మొండికేసిండు" అన్నాడు తిమ్మప్ప, ముఖం ముడుచుకుని.

"మజీద్ సాబు సూసిండంటే సూసినట్టే. నా మోటారుకు ఇంకోడు నాకొద్దు" అన్నాడు కృష్ణయ్య.

తిమ్మప్ప కాగితం తీశాడు. మా నాన్న దాన్ని ముట్టుకోలేదు. స్టవ్వు ఆర్పి, "పాండ్రి, సూద్దాం" అన్నాడు. సెలవు రోజు కావడంతో నేను ఇంట్లోనే ఉన్నాను. నన్నూ రమ్మన్నాడు.

మోటారు ఒక బావి గట్టున పాత కొట్టంలో గడ్డి కింద ఉంది. దాన్ని ఎత్తుకుపోయిన మనిషి పక్కనే నేల మీద తల వంచుకుని కూర్చున్నాడు. మా నాన్న గడ్డి తీయించి మోటారు చూశాడు, చుట్టూ తిరిగి చూశాడు, ఇది నీదేనా అని కృష్ణయ్యను అడిగాడు. అప్పుడు కాగితం నా చేతికిచ్చాడు. నేను చదివాను. దొంగ ఇంట్లో, మంచం కింద దొరికినట్టు రాసి ఉంది.

"ఇంట్ల కాదు గదా సార్, కొట్టంల ఉన్నది" అన్నాడు మా నాన్న.

"ఏడైతేంది భాయ్? ఇంట్ల అంటె కేసు గట్టిగుంటది. దొంగ దొంగనే గదా!"

"దొంగనే గావచ్చు. గని ఇంట్ల దొర్కలే."

కృష్ణయ్య ఏదో అనబోయాడు. మా నాన్న చేయి ఎత్తితే ఊరుకున్నాడు. తిమ్మప్ప కొట్టం చూశాడు, మా నాన్నను చూశాడు, పళ్ళు నూరుకుంటూ కాగితం నా దగ్గర తీసుకుని ఆ మాట కొట్టేసి, బావి గట్టున కొట్టంలో అని రాశాడు. నేల మీద కూర్చున్న మనిషి అప్పుడు తలెత్తాడు. మా నాన్న ఆ కాగితాన్ని మళ్ళీ నాకే ఇచ్చాడు.

"ఇంకోసారి సదువు బిడ్డా. జర గట్టిగ సదువు, అతనికి గూడ ఇనవడాలె."

నేను మొదటి నుంచి గట్టిగా చదివాను.